డీవీఆర్ ఆగిపోయింది: అడాప్టర్ మార్చాలా, పెట్టె మార్చాలా, కెమెరాలతో సహా మార్చాలా?

సీసీ కెమెరాల బొమ్మను రికార్డు చేసే పెట్టె (డీవీఆర్) పనిచేయడం లేదని టెక్నీషియన్‌ని పిలిస్తే చాలాసార్లు వినిపించే మాట ఇది: "పాతదైపోయింది సార్, మొత్తం ఐపీకి మార్చేద్దాం." అతను అబద్ధం చెబుతున్నాడని అనలేం. ఐపీ కెమెరాలు, అంటే నెట్‌వర్క్ కేబుల్ మీద నడిచేవి, మంచివే. కాకపోతే ఒప్పుకునే ముందు ఒక లెక్క వేసుకోవాలి. ఈ మొత్తం సరంజామాలో అన్నిటికన్నా సులువుగా మార్చుకోగలిగేది ఆ డీవీఆర్ పెట్టె. గోడల్లోంచి, స్లాబు అంచుల వెంట లాగిన కేబుల్ మళ్లీ లాగాలంటే డ్రిల్లింగు, కూలి, ఇంటినిండా దుమ్ము. ఇక హార్డ్‌డిస్క్‌లో ఉన్న రికార్డింగ్ ఒకసారి చెరిగిపోతే ఎంత డబ్బు పెట్టినా తిరిగి రాకపోవచ్చు. అందుకే పెట్టె పోయినప్పుడు ముందు ఆలోచించాల్సింది ఆ కేబుల్ గురించీ, ఆ డిస్క్ గురించీ. పెట్టె సంగతి తర్వాత.

ఇక్కడ చెప్పేదంతా మన ఇళ్లలో, చిన్న దుకాణాల్లో ఎక్కువగా కనిపించే ఏర్పాటు గురించి. నాలుగో ఎనిమిదో అనలాగ్ హెచ్‌డీ కెమెరాలు, 3+1 కేబుల్ (మూడు సన్న వైర్లు, బొమ్మను మోసే ఒక కోయాక్సియల్ వైరు), దాని చివర బొమ్మ వైరును పెట్టెకు తగిలించే బీఎన్‌సీ పిన్నులు, ఒక డీవీఆర్, కెమెరాలకు కరెంటు ఇచ్చే ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బా.

## దేన్ని చూసి నిర్ణయించుకోవాలి

ధర చివర్లో చూడండి. దానికన్నా ముందు వీటికి జవాబులు కావాలి.

పాత రికార్డింగ్‌తో మీకు పని ఉందా? కేబుల్ ఇంకా బాగుందా, లేక ఎండకు పెళుసెక్కి, ఎలుకలు కొరికి ఉందా? కెమెరాలు రాత్రిపూట మొహం గుర్తుపట్టేలా చూపిస్తున్నాయా, లేక తెల్లటి మరకలేనా? ఎన్ని రోజుల రికార్డింగ్ ఉండాలి? మీ ఊళ్లో కరెంటు, ఇంటర్నెట్ ఎంత నమ్మకంగా ఉంటాయి? ఇల్లు సొంతమా, అద్దెదా? ఆఖరిది, చాలామంది మరిచేది: రేపు ఏదైనా ఆగితే ఇంట్లో చూసేవాళ్లు ఎవరు? అరవై దాటిన అమ్మానాన్నలు మాత్రమే ఉండే ఇంట్లో, పిల్లలు బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటే, ఈ చివరి ప్రశ్నకున్న బరువు మిగతా వాటన్నిటికీ ఉండదు.

## దొంగతనమో, గొడవో జరిగి ఉంటే

ఈ పరిస్థితిలో ఉన్నవాళ్లు మిగతాదంతా వదిలేసి ముందు ఇది చదవండి. పెట్టెను పదేపదే ఆన్ చేసి చూడకండి. డిస్క్ నిండాక డీవీఆర్ పాత రికార్డింగ్ మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. నడిచిన ప్రతి గంటకూ వెనకాల ఒక గంట చెరిగిపోతుంది. కరెంటు తీసేసి, డిస్క్ బయటికి తీసి, ఏ తేదీన తీశారో దానిమీద చీటీ అంటించి, పొడిచోట పెట్టండి.

ఆ డిస్క్‌ను నేరుగా కంప్యూటర్‌కు తగిలిస్తే విండోస్ సాధారణంగా చదవలేదు. డీవీఆర్ కంపెనీలు చాలావరకు తమ సొంత పద్ధతిలో డిస్క్‌ను రాస్తాయి. అందుకే విండోస్ "ఫార్మాట్ చేయమంటారా?" అని అడుగుతుంది. చేయకండి. కొత్త డీవీఆర్‌లో పెట్టినా ఇదే గండం. వేరే కంపెనీ పెట్టె అయితే డిస్క్‌ను గుర్తించగానే ఇనిషియలైజ్ (ఖాళీ చేసి కొత్తగా సిద్ధం) చేయమంటుంది. సరే అన్నారంటే రికార్డింగ్ మీద ఆశ వదులుకోవాల్సిందే. అదే కంపెనీ, దగ్గరి మోడల్ పెట్టె దొరికితే చాలాసార్లు పాత డిస్క్ అలాగే తెరుచుకుంటుంది. తెలిసినవాళ్ల ఇంట్లో అలాంటిది ఉంటే కొత్తది కొనేముందు దాంట్లో పెట్టి చూడడం మంచిది. అక్కడ కూడా ఫార్మాట్ అడిగితే వద్దనే చెప్పాలి.

కేసుదాకా వెళ్లే విషయమైతే కాపీ మీరే తీసి పెన్‌డ్రైవ్‌లో ఇస్తే సరిపోదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి, అందులో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపించే గుర్తు సంఖ్య) కూడా ఉండాలి. పాత చట్టంలో 65బీ అని అందరూ అనే దాని స్థానంలో వచ్చింది ఇదే. పోలీసులు డిస్క్ అడిగితే ఇవ్వండి, తీసుకున్నట్టు వాళ్లతో రాయించుకోండి.

## నిజంగా పోయింది ఏది?

"డీవీఆర్ పోయింది" అనే మాట వెనక ఎన్నో రోగాలుంటాయి. వాటిలో కొన్నిటికి డీవీఆర్‌తో సంబంధమే ఉండదు.

| కనిపించేది | ముందు అనుమానించాల్సింది | ఇంట్లోనే చేయగల పరీక్ష |
|---|---|---|
| ఒక్క లైటూ వెలగడం లేదు | ప్లగ్గు, అడాప్టర్ | వేరే 12 వోల్టుల అడాప్టర్ పెట్టి చూడడం |
| కంపెనీ లోగో వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది | బలం తగ్గిన అడాప్టర్ లేదా హార్డ్‌డిస్క్ | డిస్క్ వైర్లు పీకి ఆన్ చేయడం |
| లైట్లున్నాయి, టీవీలో బొమ్మ లేదు | హెచ్‌డీఎంఐ కేబుల్, రిజల్యూషన్ | వీజీఏ కేబుల్‌తో లేదా మరో టీవీతో చూడడం |
| లోపల టక్ టక్ చప్పుడు, ఆగని బీప్ | హార్డ్‌డిస్క్ | మెనూలో డిస్క్ పరిస్థితి చూడడం |
| అన్ని కెమెరాలకూ "వీడియో లాస్" | కెమెరాల ఎస్‌ఎమ్‌పీఎస్ | చీకట్లో కెమెరా చుట్టూ ఎర్ర లైట్లు వెలుగుతున్నాయేమో చూడడం |
| ఒక్క కెమెరాకే "వీడియో లాస్" | బీఎన్‌సీ పిన్ను, డీసీ (కరెంటు) పిన్ను | ఆ వైరును మరో ఛానెల్‌కు తగిలించడం |
| తేదీ ప్రతిసారీ వెనక్కి వెళ్లిపోతోంది | బోర్డు మీది బటన్ సెల్ | సీఆర్2032 సెల్ మార్చడం |
| టీవీలో వస్తోంది, ఫోన్‌లో రావడం లేదు | రూటర్, ఇంటర్నెట్ | రూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయడం |

ఈ పట్టికలో రెండో వరుస దగ్గర కాస్త ఆగాలి. అనవసరంగా పెట్టెలు పారేసేది ఎక్కువగా దాని వల్లే. నాలుగు, ఎనిమిది ఛానెళ్ల డీవీఆర్‌లకు సాధారణంగా 12 వోల్టులు, 2 యాంప్‌ల అడాప్టర్ ఉంటుంది. మామూలుగా నడిచేటప్పుడు ఇది ఎక్కువే. కానీ హార్డ్‌డిస్క్ తిరగడం మొదలుపెట్టే ఆ కొన్ని క్షణాల్లో చాలా కరెంటు లాగుతుంది. ఏళ్ల తరబడి వేడిలో ఉన్న అడాప్టర్‌లో కెపాసిటర్లు ఉబ్బిపోతాయి, ఆ బరువు మోయలేక వోల్టేజీ కిందికి జారుతుంది. పెట్టె రీస్టార్ట్ అవుతుంది. మళ్లీ డిస్క్ తిరగబోతుంది, మళ్లీ జారుతుంది. ఇంకో తిరకాసు ఏమిటంటే, అడాప్టర్‌కు ఊరికే మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు నిక్షేపంగా చూపిస్తుంది. బరువు పడితే గాని దాని నీరసం బయటపడదు. కాబట్టి "మీటర్‌తో చూశాం, అడాప్టర్ బాగుంది" అన్న మాటను నమ్మకండి.

తేల్చుకునే పద్ధతి ఇది. కరెంటు తీసేసి, మూత స్క్రూలు విప్పి, డిస్క్‌కు వెళ్లే రెండు వైర్లూ పీకండి. వారంటీ ఇంకా ఉంటే మాత్రం విప్పకండి, స్టిక్కర్ చిరిగితే సర్వీస్ సెంటర్‌లో గొడవ. ఇప్పుడు ఆన్ చేయండి. పెట్టె నిలకడగా నడిస్తే బోర్డు బాగున్నట్టే, తప్పు అడాప్టర్‌దో డిస్క్‌దో. మంచి అడాప్టర్ తెచ్చి డిస్క్ మళ్లీ తగిలించండి. నడిస్తే అడాప్టర్ దోషి, నడవకపోతే డిస్క్. డిస్క్ లేకుండా, మంచి అడాప్టర్‌తో కూడా లోగో దగ్గరే కొట్టుకుంటుంటే బోర్డుకు జబ్బు చేసినట్టు.

పరీక్షకు అడాప్టర్ ఎక్కడ్నుంచి తేవాలంటారా? చాలా వైఫై రూటర్లకు 12 వోల్టుల అడాప్టరే ఉంటుంది. ఒక యాంప్, ఒకటిన్నర యాంప్‌లవి కాబట్టి డిస్క్‌ను మోయలేకపోవచ్చు, డిస్క్ పీకిన చిన్న డీవీఆర్‌ను మాత్రం లేపగలవు. పిన్ను సైజు కుదరాలి, లోపలి పిన్ను ప్లస్ అయి ఉండాలి. ఈ గుర్తు అడాప్టర్ స్టిక్కర్ మీదే ఉంటుంది. పిన్ను పడుతోంది కదా అని 19 వోల్టుల లాప్‌టాప్ అడాప్టర్ పెట్టారంటే అంతవరకూ బాగున్న బోర్డు కూడా పోతుంది. వోల్టులు సరిగ్గా అవే ఉండాలి. యాంప్‌లు సమానంగానో ఎక్కువగానో ఉండొచ్చు.

మూత తీసినప్పుడు లోపల ఏముందో కూడా చూడండి. దుమ్ము సరే. వెచ్చగా ఉంటుందని బల్లులు, బొద్దింకలు దూరి బోర్డు మీదే చచ్చిపోవడం మన దగ్గర మామూలే. అది తీసేసి, మెత్తటి బ్రష్‌తో తుడిచి, బాగా ఆరనిచ్చాక లేచిన పెట్టెలూ ఉన్నాయి.

## మొదటి దారి: ఉన్నదాన్నే నడిపించడం

అడాప్టర్, డిస్క్, సెల్, కెమెరాల ఎస్‌ఎమ్‌పీఎస్. వీటిలో ఏది పోయినా పెట్టె మార్చాల్సిన పనిలేదు. అడాప్టర్‌కు వందల్లో అవుతుంది, సెల్ అయితే టీ ఖర్చే. అడాప్టర్ మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నాయో లేదో చూసి తీసుకోండి. వంద రూపాయలు మిగులుతుందని ఊరూపేరూ లేనిది కొంటే మళ్లీ లోగో దగ్గరికే వస్తారు.

డిస్క్ మార్చాల్సి వస్తే మాత్రం ఖర్చు కాస్త ఎక్కువ. కొన్నిసార్లు డిస్క్ ధర డీవీఆర్ ధరను దాటుతుంది. అక్కడ చాలామంది కంప్యూటర్ నుంచి తీసిన పాత డిస్క్ పెట్టేస్తారు. నడుస్తుంది, ఎన్నాళ్లు నడుస్తుందో చెప్పలేం. డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటివి రోజంతా ఆగకుండా రాసే పనికోసం చేసినవి, వాటికి మూడేళ్ల వారంటీ కూడా ఉంటుంది. కోఠి గుజరాతీ గల్లీలోనో, సికింద్రాబాద్ సీటీసీలోనో, ఆన్‌లైన్‌లోనో ఎక్కడ కొన్నా డిస్క్ మీది సీరియల్ నంబరును తయారీ కంపెనీ సైట్‌లో కొట్టి వారంటీ ఎప్పటిదాకా ఉందో అక్కడికక్కడే చూసుకోండి. వాడేసిన డిస్క్‌లకు కొత్త స్టిక్కర్ వేసి అమ్మేవాళ్లు దొరికిపోయేది ఇక్కడే.

ఎంత సైజు డిస్క్ కావాలి? 1080పీ కెమెరా 2 ఎంబీపీఎస్ వేగంతో ఆగకుండా రికార్డు చేస్తే రోజుకు సుమారు 21.6 జీబీ అవుతుంది. నాలుగు కెమెరాలకు 86 జీబీ. అంటే 1 టీబీ డిస్క్‌లో పదకొండు రోజుల రికార్డింగ్. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేయమని పెడితే రోజులు పెరుగుతాయి, కానీ చెట్టు ఊగే చోటా, రోడ్డువైపు కెమెరాలోనూ ఆ లాభం పెద్దగా ఉండదు.

## రెండో దారి: బోర్డు రిపేర్

ఇది నేను చాలా తక్కువ సందర్భాల్లోనే సలహా ఇస్తాను. కరెంటు లోపలికొచ్చే చోట ఫ్యూజో, వోల్టేజీ తగ్గించే ఐసీనో పోతే మంచి మెకానిక్ తక్కువ ఖర్చుతో సరిచేస్తాడు. అదే పెద్ద చిప్ పోయినా, ఫర్మ్‌వేర్ చెడినా దానికి పెట్టే డబ్బు, తిరిగే తిరుగుడు కొత్త పెట్టె ధరకు దగ్గరగా వస్తుంది.

పిడుగు పడిన తర్వాత పోయిన పెట్టెల సంగతి వేరు. ఏప్రిల్, మే నెలల్లో ఉరుములతో వచ్చే వానలప్పుడు మేడ మీది కెమెరా, దాని ఇనప పైపు, అక్కడ్నుంచి ఇంట్లోకి వచ్చే కేబుల్ వెంట ఆ పోటు నేరుగా డీవీఆర్‌లోకి దిగుతుంది. ఇలాంటి పెట్టెల్లో రెండు ఛానెళ్లు చచ్చిపోయి మిగతావి నడుస్తుంటాయి, లేదా నెట్‌వర్క్ పోర్టు ఒక్కటే పోతుంది. ఇలాంటిది రిపేర్ చేయించినా దెబ్బతిన్న మిగతా భాగాలు ఎప్పుడు మొండికేస్తాయో తెలీదు. నాలుగు కెమెరాల ఇంట్లో ఎనిమిది ఛానెళ్ల పెట్టె ఉండి రెండు ఛానెళ్లే పోయాయంటే మిగిలిన వాటికి వైర్లు మార్చి వాడుకోండి. నెట్‌వర్క్ పోర్టు పోయినా టీవీలో చూస్తూ రికార్డింగ్ నడుస్తుంటే, ఫోన్‌లో చూడాల్సిన అవసరం లేని వాళ్లకు అది ఇంకా పనికొచ్చే పెట్టే. వీటికి మించితే మూడో దారి పట్టండి.

## మూడో దారి: పెట్టె కొత్తది, కెమెరాలూ కేబులూ పాతవే

ఎక్కువ ఇళ్లకు సరిపోయే దారి ఇదే. టెక్నీషియన్ నోట్లోంచి మాత్రం తక్కువగా వినిపిస్తుంది, కారణం మీకూ తెలుసు.

ఇందులో ఒక లాభాన్ని ఎవరూ సరిగా చెప్పరు. అనలాగ్ కెమెరా పంపేది కుదించని బొమ్మ. దాన్ని కుదించి డిస్క్‌లో రాసేది డీవీఆర్. అంటే మీ పాత పెట్టె హెచ్.264 పద్ధతిదై, కొత్తది హెచ్.265 పద్ధతిదైతే, కెమెరాలు ముట్టుకోకుండానే అదే నాణ్యతకు దాదాపు సగం చోటు సరిపోతుంది. పైన చెప్పిన 1 టీబీ డిస్క్‌లో పదకొండు రోజులకు బదులు ఇరవై రోజుల పైన పడుతుంది. ఐపీ కెమెరాల్లో ఈ కుదింపు పని కెమెరాలోనే జరుగుతుంది కాబట్టి అక్కడ పెట్టె మారిస్తే ఈ లాభం రాదు.

కొనేముందు చూడాల్సినవి నాలుగు. మొదటిది కెమెరా ఏ భాష మాట్లాడుతుందన్నది. అనలాగ్ హెచ్‌డీలో టీవీఐ, సీవీఐ, ఏహెచ్‌డీ అని మూడు పద్ధతులున్నాయి. హిక్‌విజన్ కెమెరాలు ఎక్కువగా టీవీఐ, దాహువావి సీవీఐ. ఈనాటి పెట్టెల్లో ఎక్స్‌వీఆర్ పేరుతో వచ్చేవి సాధారణంగా మూడింటినీ, పాతకాలపు మామూలు అనలాగ్‌నూ తీసుకుంటాయి. అయినా ఏవేవి తీసుకుంటుందో డబ్బా మీద చదువుకోండి. రెండోది రిజల్యూషన్. మీ కెమెరాలు 5 మెగాపిక్సెల్‌వి అయితే 2 మెగాపిక్సెల్ పెట్టె వాటిని చూపించలేకపోవచ్చు.

మూడోది అసలైన మెలిక. చవక పెట్టెల మీద 1080పీ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. లోపల స్పెసిఫికేషన్లలో రికార్డింగ్ దగ్గర 1080ఎన్ అనో, 1080పీ లైట్ అనో ఉంటుంది. దాని అర్థం 960×1080. అసలు 1080పీ అంటే 1920×1080. అడ్డంగా సగం చుక్కలు పోయినట్టు. లైవ్‌లో బొమ్మ బాగానే కనిపిస్తుంది, అందుకే కొన్నవాళ్లకు తెలియదు. గేటు బయట బండి నంబరు చదవాల్సిన రోజున రికార్డింగ్ తెరిస్తే తెలుస్తుంది. గేటువైపు కెమెరా ఉన్నవాళ్లు కొన్ని వందలు ఎక్కువ పెట్టి పూర్తి 1080పీ రికార్డింగ్ ఉన్నదే తీసుకోండి.

నాలుగోది ఛానెళ్లు. ఇప్పుడు నాలుగు కెమెరాలే ఉన్నా ఎనిమిది ఛానెళ్లది తీసుకోమనే సలహా అన్నిసార్లూ సరైంది కాదు. కొత్త నాలుగు ఛానెళ్ల ఎక్స్‌వీఆర్‌లు చాలావాటిలో అదనంగా ఒకటో రెండో ఐపీ కెమెరాలు నెట్‌వర్క్ ద్వారా కలుపుకోవచ్చు. ఇంటి వెనక ఒక్క కెమెరా పెంచాలనుకునే వాళ్లకు అది చాలు. పైగా నెమ్మదిగా ఐపీకి మారాలనుకునే వాళ్లకు ఇదొక మెట్టు.

ఇందులో నష్టం లేదా అంటే ఉంది. కెమెరాలు పాతవే కాబట్టి రాత్రి బొమ్మ అంతకుముందు ఎంత బాగుంటే ఇప్పుడూ అంతే. పిన్నులు తుప్పు పట్టి ఉంటే కొత్త పెట్టెలో కూడా గీతలు వస్తాయి. పెట్టె మార్చే రోజే బయటి పిన్నులన్నీ కొత్తవి వేయించుకోండి, అవి చాలా చవక.

## నాలుగో దారి: ఎన్‌వీఆర్, ఐపీ కెమెరాలు

కెమెరాలే మసకబారాయి, కేబుల్ కూడా దెబ్బతింది, ఇల్లు ఎలాగూ రిపేర్లలో ఉంది అంటే ఇక పాతదాన్ని పట్టుకుని వేలాడడంలో అర్థం లేదు. క్యాట్6 కేబుల్ ఒక్కటే కెమెరాకు కరెంటునూ బొమ్మనూ మోస్తుంది, దీన్నే పీవోఈ అంటారు. ఒక్కో కేబుల్ 100 మీటర్ల దాకా వెళ్తుంది. కరెంటంతా ఎన్‌వీఆర్ (ఐపీ కెమెరాలకు డీవీఆర్ పని చేసే పెట్టె) లేదా పీవోఈ స్విచ్ నుంచే వెళ్తుంది కాబట్టి ఒక్క యూపీఎస్ పెడితే అన్ని కెమెరాలూ నడుస్తాయి. మేడ మీద తడిసే డీసీ పిన్నుల బాధ ఉండదు.

నష్టాలు: కెమెరాలు, పెట్టె, కేబుల్ మూడూ కొత్తవే కావాలి. పాత కోయాక్సియల్ కేబుల్ మీదే ఐపీ సిగ్నల్ పంపే కన్వర్టర్లు దొరుకుతాయి గానీ ప్రతి కెమెరాకూ రెండు వైపులా పెట్టాలి. నాలుగు కెమెరాలకు ఆ ఖర్చు లెక్కేస్తే కొత్త కేబుల్ లాగడమే నయమనిపిస్తుంది. రెండోది భద్రత. నెట్‌వర్క్‌లో ఉండే ప్రతి కెమెరా ఒక చిన్న కంప్యూటరే. 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ (హ్యాకర్ల చేతికి చిక్కిన పరికరాల దండు) ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనూ డీవీఆర్‌లనూ లక్షల్లో పట్టుకుని ఆ అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద సైట్లనే మూయించింది. మన దగ్గర 2025 ఏప్రిల్ 9 నుంచి కొత్త సీసీ కెమెరాలకు కేంద్రం భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. ఎస్‌టీక్యూసీ (ఆ పరీక్షలు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అనే మాట ప్రకటనల్లో కనిపించేది అందుకే. పాత స్టాకు చవగ్గా ఇస్తామంటే ఎందుకిస్తున్నారో అడగండి.

## ఐదో దారి: వైఫై కెమెరాలు

ప్లగ్గులో పెట్టి, ఫోన్‌లో యాప్ వేసుకుంటే అయిపోయింది. పెట్టె లేదు, కేబుల్ లేదు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు ఇంతకన్నా సుఖం లేదు, ఖాళీ చేసేటప్పుడు విప్పుకుని పోవచ్చు. 128 జీబీ మెమరీ కార్డు వేస్తే 1 ఎంబీపీఎస్ వేగంతో పదకొండు రోజుల రికార్డింగ్ పడుతుంది.

కానీ డీవీఆర్ స్థానంలో పూర్తిగా వీటినే పెట్టుకోమని నేను చెప్పలేను. రికార్డింగ్ కెమెరాలోనే ఉంటుంది. దొంగ కెమెరాను పీక్కుపోతే సాక్ష్యం కూడా వాడి జేబులోనే. క్లౌడ్‌లో దాచుకోవచ్చు, దానికి నెలనెలా కట్టాలి, అప్‌లోడ్ నిలకడగా ఉండాలి. ఊళ్లో 4జీ సిమ్ రూటర్ మీద నడిపిద్దామనుకునే వాళ్లు ఈ లెక్క చూడండి: 1 ఎంబీపీఎస్‌తో ఒక్క కెమెరా ఆగకుండా క్లౌడ్‌కు పంపితే రోజుకు 2 జీబీ ప్లాన్ నాలుగున్నర గంటల్లోపే అయిపోతుంది. కరెంటు పోతే కెమెరాలకూ రూటర్‌కూ అన్నిటికీ ఇన్వర్టర్ లైను ఉండాలి, ఏ ఒక్కదానికి లేకపోయినా అది గుడ్డిదే. చాలా మోడళ్లు 2.4 గిగాహెర్ట్‌జ్ వైఫై మాత్రమే పడతాయి, రెండు గోడల అవతల గేటు దగ్గర సిగ్నల్ ఎలా ఉందో ఫోన్ పట్టుకుని నిలబడి చూశాకే కొనండి.

## పక్కపక్కన పెడితే

| | అడాప్టర్, డిస్క్ మార్చడం | కొత్త డీవీఆర్ | ఎన్‌వీఆర్, ఐపీ | వైఫై కెమెరాలు |
|---|---|---|---|---|
| ఖర్చు | వందల నుంచి కొన్ని వేలు | కొన్ని వేలు | అన్నిటికన్నా ఎక్కువ | కెమెరాకు ఇంత చొప్పున, క్లౌడ్ వేరు |
| పాత కేబుల్ | అలాగే | అలాగే | దాదాపు పనికిరాదు | అక్కర్లేదు |
| పాత రికార్డింగ్ | డిస్క్ బాగుంటే ఉంటుంది | అదే కంపెనీదైతే ఆశ ఉంది | ఆశ తక్కువ | ఉండదు |
| బొమ్మ నాణ్యత | మార్పు లేదు | నిల్వ మెరుగు, బొమ్మ అంతే | బాగా మెరుగు | మోడల్‌ను బట్టి |
| ఇంటర్నెట్ లేకపోతే | రికార్డింగ్ ఆగదు | రికార్డింగ్ ఆగదు | రికార్డింగ్ ఆగదు | కార్డు ఉంటేనే |
| పని | గంటలో | ఒక పూట | ఒకటి రెండు రోజులు | మీరే చేసుకోవచ్చు |

## ఎవరికి ఏది

సొంతిల్లు, నాలుగైదేళ్ల క్రితం పెట్టించిన కెమెరాలు, బొమ్మ ఇప్పటికీ పర్వాలేదు అంటే మూడో దారి. రెండో ఆలోచన వద్దు. అడాప్టర్ పరీక్ష చేయకుండా మాత్రం ఇందులోకి దిగకండి.

అమ్మానాన్నలు ఊళ్లో, మీరు దూరంగా ఉంటే కొత్త డీవీఆరే, దానికి తోడు యూపీఎస్. వైఫై కెమెరాలు చూడ్డానికి సులువుగా అనిపిస్తాయి గానీ రూటర్ పాస్‌వర్డ్ మారినా, సిమ్ రీచార్జ్ అయిపోయినా ఫోన్‌లో వాళ్లతో "ఆ బటన్ నొక్కండి, ఇది కాదు, పక్కది" అంటూ రాత్రిళ్లు టెన్షన్ పడాల్సింది మీరే. డీవీఆర్ అయితే ఇంటర్నెట్ లేకపోయినా తన పని తాను చేసుకుపోతుంది, మీకు కనిపించకపోయినా రికార్డింగ్ ఉంటుంది. వాళ్లు గుర్తుపట్టేలా అడాప్టర్‌కు ఒక రంగు టేపు, రూటర్ అడాప్టర్‌కు ఇంకో రంగు టేపు చుట్టి వెళ్లండి. స్పేర్ అడాప్టర్ ఒకటి కొని ఆ పెట్టె పక్కనే పెట్టండి. పక్కింటి కుర్రాడు మార్చేయగలడు, మీరు లీవు పెట్టి రావాల్సిన పని తప్పుతుంది.

అద్దె ఫ్లాట్ అయితే వైఫై, గుమ్మం దగ్గర ఒకటి, హాల్లో ఒకటి. ఇంటివాళ్లు పెట్టించిన డీవీఆర్ పోతే అది వాళ్ల ఖర్చు, మీరు మొహమాటపడకుండా చెప్పండి.

ఫంక్షన్ హాలు, ఆసుపత్రి, స్కూలు, పెద్ద దుకాణం లాంటి చోట్ల లెక్క మారుతుంది. ఒకేసారి వందమంది, అంతకన్నా ఎక్కువ చేరే చోట్ల కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డింగ్ దాచాలని 2013 నాటి ప్రజా భద్రత చట్టం చెబుతుంది, ఉమ్మడి రాష్ట్రంలో చేసిన చట్టమది. ఎనిమిది కెమెరాలకు 1 ఎంబీపీఎస్ చొప్పున నెలకు 2.6 టీబీ అవుతుంది, కాబట్టి 4 టీబీ డిస్క్ పెట్టుకోండి. పెట్టె అంత డిస్క్‌ను తీసుకుంటుందో లేదో ముందు చూడాలి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకు నా సలహా నాలుగో దారే, ఎందుకంటే పార్కింగ్‌లో బండి నంబర్లు చదవలేని కెమెరాతో గొడవలు తీరవు. డబ్బులు ఒకేసారి రాకపోతే ఈ ఏడు ఎక్స్‌వీఆర్, గేటుకు ఒక ఐపీ కెమెరా. మిగతావి వచ్చే ఏడు.

## పెట్టించుకునే రోజు

అడ్మిన్ పాస్‌వర్డ్ మీరే టైప్ చేయండి, టెక్నీషియన్ పెట్టింది వాడొద్దు. ఫోన్ యాప్‌లో డీవీఆర్‌ను మొదట కలిపిన ఖాతా మీదై ఉండాలి. అతని ఖాతాలో కలిపి మీకు షేర్ చేస్తే మీ ఇల్లు అతని ఫోన్‌లో కూడా కనిపిస్తుంది, ఇంకోసారి మార్చాలంటే అతని కోసం వెతుక్కోవాలి. బిల్లు మీద డీవీఆర్, డిస్క్ రెండింటి సీరియల్ నంబర్లూ రాయించండి.

పెట్టె అటక మీదో, మూసిన అరలోనో పెట్టకండి, గాలి ఆడాలి. ఇన్వర్టర్ మీద నడిపితే దాని మీద ఎకో, యూపీఎస్ అని స్విచ్ ఉందేమో చూడండి. యూపీఎస్ వైపు పెడితే కరెంటు పోయిన ప్రతిసారీ డీవీఆర్ రీస్టార్ట్ కావడం చాలావరకు తగ్గుతుంది. వేసవిలో రోజుకు నాలుగైదుసార్లు అలా ఆగి లేచే డిస్క్ ఎక్కువ కాలం బతకదు.

నెలకోసారి లైవ్ చూడడం చాలదు, నిన్నటి రికార్డింగ్ ఒకటి తెరిచి ఆడించి చూడండి. డిస్క్ చచ్చిపోయి లైవ్ మాత్రం నడుస్తున్న పెట్టెలు నెలల తరబడి ఎవరికీ తెలియకుండా అలాగే ఉంటాయి.

పాత పెట్టెను పాతసామాను అతనికి ఇచ్చేముందు డిస్క్ తీసేసుకోండి. అందులో మీ ఇంటి రాకపోకలన్నీ ఉంటాయి. యాప్‌లో ఆ పెట్టెను డిలీట్ చేయండి. అడాప్టర్ బాగుందని తేలితే దాన్ని ఇవ్వకండి, స్పేర్‌గా పనికొస్తుంది.